మిద్దె మెట్ల తలుపు

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంటులో మీటింగు జరిగింది. తిరుపతిలో మేముండే ఈ అపార్ట్‌మెంటు వాళ్ళమంతా నెలకోసారి కింద పార్కింగులో కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. నీళ్ళ ట్యాంకరు, లిఫ్టు రిపేరు, వాచ్‌మన్ మీద చాడీలు, ఎప్పుడూ ఉండేవే. ఈసారి కొత్త సంగతి ఒకటి వచ్చింది. రెండో అంతస్తులో ఖాళీగా ఉన్న ఇంటిని ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒకమ్మాయి అద్దెకడిగిందట. ఎక్కడో మిజోరం వాళ్ళు. భర్త, ఇద్దరు చిన్నపిల్లలు. సెక్రటరీ గొంతు సవరించుకుని, "వాళ్ళు మంచోళ్ళే కావచ్చు. కానీ వాళ్ళ వంటల వాసన మనకు పడదు. కొండ కింద ఉండేవాళ్ళం, మన పద్ధతులు మనకుంటాయి గదా" అన్నాడు. చుట్టూ అందరూ తలలూపారు.

నేను లేచి నిలబడ్డాను. "వాసన పడకపోతే మీ కిటికీ మూసుకోండి. పసిబిడ్డలున్న మనిషిని ఇంట్లోకి రావద్దనడానికి మీకు నోరెట్లా వచ్చింది?" అన్నాను. ఒకాయన ఫోను చూసుకున్నాడు. ఇంకొకాయన పక్కావిడతో, "మేడమ్‌కు బీపీ ఉన్నట్టుంది" అన్నాడు, నాకు వినపడేట్టుగానే.

పైకి వచ్చి కూర్చున్నాను. ఈ వయసులో ఇంత కోపం పనికిరాదని డాక్టరు చెబుతూనే ఉన్నాడు. కానీ ఈ కోపం ఆదివారం పుట్టింది కాదు. దానికి దాదాపు నా వయసుంది. అది పలమనేరులో పుట్టింది.

పలమనేరులో ముందర పెదనాయన బెల్లం మండీ, వెనక మా ఇల్లు. లోపలికి అడుగుపెడితే మొదట బెల్లం వాసన, తర్వాత గోనెసంచుల వాసన, ఇంకా లోపలికి పోతే అవ్వ తలకు పెట్టుకునే ఆముదం వాసన. మేము నీచు తినని వాళ్ళం. గుడ్డు అనే మాట కూడా అవ్వ చెవిన పడకూడదు. పెదనాయన మాత్రం బెల్లం పని మీద చిత్తూరు పోయినప్పుడల్లా అక్కడ మిలిటరీ హోటల్లో కడుపునిండా తిని, వక్కాకు నములుకుంటూ ఇంటికొచ్చేవాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనట్టుండడం మర్యాద.

ఊరి బయట అప్పుడు పాల ఫ్యాక్టరీ కడుతున్నారు. మిషన్లు పోలండు నుంచి వచ్చాయి. వాటిని బిగించడానికి వచ్చిన ఇంజనీరును, ఆయన సంసారాన్ని మా మిద్దె మీది రెండు గదుల్లో దించింది పెదనాయనే. "మా ఇంట్లో దొరలు దిగినారు" అని బజారంతా చెప్పుకుని తిరిగాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మీసం ఎంత పైకి పోయేదో నాకు బాగా గుర్తు.

ఇంజనీరు భార్యను మేము మిద్దక్క అని పిలిచేవాళ్ళం. మొక్కజొన్న పీచు రంగు జుట్టు, ఎండకు కమిలిపోయిన ముక్కు. ఐదేళ్ళ పాప, మూడేళ్ళ పిల్లోడు. పాపకు రెండు నెలల్లో మా మాట వచ్చేసింది. తమ్ముడితో తగువు పడితే, "పోరా, నా బంతి ఈడే ఉండాది" అని అచ్చం మా వీధి పిల్లలాగా అరిచేది. మిద్దక్కకు తెలుగు నేర్పింది కూడా పిల్లలమే, అందుకని ఆమెకు "మీరు" అనేది ఒకటుందని తెలియదు. అందరూ "నువ్వు". మా అవ్వను కూడా, "అవ్వా, నువ్వు తింటివా?" అని అడిగేది. అవ్వ పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వేది. పెదనాయన ఎదురుపడితే మాత్రం ఒక నమస్కారం పెట్టి పక్కకు జరిగేది. అంతకు మించి వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

మా ఇంట్లోంచి పైకి పోవడానికి లోపలి మెట్లున్నాయి. మెట్ల మొదట్లో ఒక తలుపు. దానికి గడియ ఉందని కూడా మాకు గుర్తుండేది కాదు, ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది. సందువైపు ఇనప మెట్లు వేరే ఉన్నాయి కానీ పాప వాటిని దిగేది కాదు. పొద్దున లేస్తే మా వంటింట్లోనే దాని ముఖం కడుక్కోవడం.

చలి ముదిరి, పొద్దున్నే ఆవుల ముక్కుల్లోంచి పొగలు వచ్చే రోజులు. మిద్దక్క పండుగ పనులు మొదలుపెట్టింది. వాళ్ళకు క్రిస్మస్‌కు ముందురోజు సాయంత్రమే పెద్ద పండుగ. ఆకాశంలో మొదటి చుక్క కనబడేదాకా ఎవరూ అన్నం ముట్టరు. చుక్క పొడిచాక అందరూ కూర్చుని పన్నెండు రకాలు తింటారు. ఆ పూట మాంసం ఉండదు. ఇదంతా పాప మాకు చేతులు తిప్పుతూ చెప్పింది.

అవ్వను ఊరగాయ జాడీ ఒకటి అడిగి తీసుకుపోయి మిద్దక్క బీట్‌రూటు ముక్కలు నీళ్ళలో ఊరేసింది. నాలుగు రోజులకు మెట్ల మీద పులిసిన వాసన. అవ్వ మూత తీసి చూసి, "ఇదేమి ఊరగాయబ్బా, కారం లేదు, నూనె లేదు" అని నొచ్చుకుని, తానే గుప్పెడు మెంతులు వేయబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. గసగసాలు మా రోట్లోనే నూరాం. తేనె కలిపిన ఆ ముద్దను నేనూ పాపా దొంగతనంగా వేళ్ళతో తీసి తీసి తిని, మెట్ల మీదే నిద్రపోయాం. మమ్మల్ని మోసుకుపోయి పడుకోబెట్టిన పెద్దమ్మ, "గసాలు అంత తింటే నిద్దర రాక ఏమొస్తుంది, కోతిముండల్లారా" అని తిట్టింది. ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, కూరి కజ్జికాయల్లాంటివి చేసింది మిద్దక్క. అంచులు మా అమ్మ మడిచినట్టే మడిచింది. కానీ వాటిని నూనెలో వేయకుండా మరిగే నీళ్ళలో వేసేసరికి అమ్మ, "అయ్యో, అయ్యో!" అని పరిగెత్తింది.

ఆ పండుగకు వాళ్ళకు చేప లేకుండా జరగదు. వాళ్ళ ఊళ్ళో రెండు రోజుల ముందే బతికున్న చేపను తెచ్చి స్నానాల తొట్టిలో వదులుతారట, పిల్లలు దానికి తిండి పెడతారట. పిల్లోడు ఏడుపు మొదలుపెట్టాడు, చేప ఎక్కడ అని. మిద్దక్క వాడిని ఎత్తుకుని మా అవ్వ వైపు చూపించి, "ఈ ఇంట్లో చేప వద్దు. అవ్వ ఇల్లు" అంది. నేను అరటిదొప్పను చేపలాగా కత్తిరించి, బొగ్గుతో కన్ను పెట్టి మా బట్టల తొట్టిలో వదిలాను. వాడు మూడు రోజులు దానికి అటుకులు వేశాడు. పోలండు నుంచి తన తల్లి పంపిన ఎండు పుట్టగొడుగులు కూడా మిద్దక్క తీసి పక్కన పెట్టేసింది, మా వాళ్ళు అవి తినరని అమ్మ చెప్పినందుకు. ఎవరూ అడక్కుండానే మా కోసం ఆమె ఏమేమి మానుకుందో ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. నాయనకూ తెలుసు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను.

పండుగకు కొన్నాళ్ళ ముందు ఇంజనీరు మెడ్రాసు పోయాడు. ఏదో మిషను హార్బరులో ఇరుక్కుపోయింది. పోయేముందు మా నాయన దగ్గరికి వచ్చి, పిల్లలు ఒంటరిగా ఉంటారు, దగ్గరివాళ్ళెవరూ లేరు అని ఇంగ్లీషులో చెప్పాడు. నాయన ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "మేముండాము సార్. నిమ్మళంగా పోయిరాండి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

పండుగ రోజు మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి ఒక మనిషి వచ్చి, సారు ఈ రోజు రాలేరని చెప్పిపోయాడు. మిద్దక్క మెట్ల మీద కూలబడింది. తర్వాత పైకి పోయి ముఖం కడుక్కుని, పిల్లలిద్దరినీ చెరో చేత పట్టుకుని కిందికి దిగింది. మా ఇంట్లో ఒక్కొక్కరి ముందరా నిలబడి, "నువ్వు రా. నువ్వు రా. మా ఇంట్లో ఎవరూ లేరు. నువ్వు రా" అని పిలిచింది.

పన్నెండు రకాలకు ఇంకా తక్కువ పడ్డాయని తెలిసి అమ్మ పొయ్యి రాజేసింది. చిత్రాన్నం కలిపింది, పూర్ణం పెట్టి ఓళిగలు కాల్చింది. పెద్దమ్మ పరమాన్నం పెట్టింది. బల్ల మీద గుడ్డ కింద పరచడానికి ఎండుగడ్డి కావాలంటే అవ్వే కొట్టంలోంచి తెచ్చి ఇచ్చింది. వాళ్ళ దేవుడు పసులపాకలో పుట్టాడని నేను చెబితే, "మన కిష్టుడు మాత్రం యాడ పెరిగినాడు, పసుల మధ్యనే గదా" అంది. "నేను తిననుగానీ వచ్చి కూర్చుంటా. బిడ్డలు పిలుస్తా ఉంటే కాదంటామా?"

పొద్దు వాలింది. అమ్మ కొత్త చీర కట్టుకుంది. గిన్నెలకు మూతలు పెట్టి, చుక్క కనబడిందని పైనుంచి పిలుపు వస్తే పోదామని అందరం మెట్ల దగ్గరే కూర్చున్నాం. సరిగ్గా అప్పుడే పెదనాయన మండీలోంచి లోపలికొచ్చాడు.

"ఏంది ఇదంతా?"

"మిద్దె మీద పండగంట. అందరినీ పిలిచినారు" అంది పెద్దమ్మ.

"అయితే నిజమేనన్నమాట. బజార్లో అడగతా ఉండారు నన్ను, ఏం శెట్టీ, మీ ఇంటోళ్ళంతా కిరస్తానం భోజనాలకు పోతా ఉండారంట గదా అని. వాళ్ళ గిన్నెల్లో ఏమేమి ఉడికినాయో ఎవురు సూసినారు?"

"చేప లేదు పెదనాయనా. మనకోసరమే చెయ్యలేదు. పుట్టగొడుగులు గూడా తీసేసింది" అన్నాను నేను.

"నువ్వు నోరు మూయి." నాయన వైపు తిరిగాడు. "నువ్వేమంటావురా?"

నాయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అమ్మ ఆయన ముఖంలోకే చూస్తోంది. నేనూ చూస్తున్నాను. మేముండాము సార్ అన్న నోరే గదా, తెరుస్తాడనుకున్నాను.

"నీ ఇష్టం అన్నా" అన్నాడు నాయన.

పెదనాయన మెట్ల తలుపు వేసి గడియ పెట్టాడు. "ఎవురూ కదలొద్దు. మాట్లాడొద్దు. పిలిచి పిలిచి వాళ్ళే ఊరుకుంటారు" అని ఈజీచైరులో కూర్చున్నాడు.

పైన చిన్న కాళ్ళు పరిగెత్తుతున్న చప్పుడు. మిద్దె మీదికి పోతున్నాయి, గదిలోకి వస్తున్నాయి, మళ్ళీ పోతున్నాయి. ఆ రోజు మబ్బుగా ఉండింది, చుక్క త్వరగా కనబడలేదు. ఆ పిల్లలు ఎంతసేపు మెడలెత్తుకుని చూశారో. తర్వాత ఒక కేక. ఆ కాళ్ళు దబదబా మెట్లు దిగాయి. తలుపు మీద చిన్న గుప్పిలితో కొట్టిన చప్పుడు.

"అక్కా! అక్కా! సుక్క వచ్చె! రాండి!"

ఎవరూ కదలలేదు.

"అక్కా! అమ్మా! అవ్వా! సుక్క వచ్చినాది!" పిల్లోడు కూడా దిగినట్టున్నాడు, వాడు అరచేతులతో తలుపు చరుస్తూ, "సుక్క, సుక్క" అంటున్నాడు. మళ్ళీ పాప గొంతు, ఈసారి కిందినుంచి వచ్చింది. తలుపు సందులోంచి చూడడానికి నేల మీద పడుకున్నట్టుంది. "మీరు లోపలే ఉండారు. నాకు కాళ్ళు కనపడతా ఉండాయి."

నేను లేచి తలుపు దగ్గరికి ఉరికాను. "పాపా!" అని అరవబోయాను. సగం మాట బయటికొచ్చింది. నాయన వెనకనుంచి వచ్చి నా నోరు మూశాడు. ఎప్పుడూ నన్ను ఒక్క దెబ్బ కొట్టని మనిషి. బెల్లం వాసన వేసే ఆ అరచెయ్యి నా పళ్ళకు ఒత్తుకుపోయేంత గట్టిగా మూశాడు. నేను కొరికాను. అయినా వదల్లేదు.

మిద్దక్క మెట్లు దిగి వచ్చింది. తలుపును ఒక్కసారి నెట్టి చూసింది. కదలలేదు. పిల్లలతో వాళ్ళ భాషలో మెల్లగా ఏదో చెప్పింది. అడుగులు పైకి పోయాయి. కొంతసేపటికి పాట వినిపించింది. ఆమె ఒక్కతే పాడుతోంది. పాప మధ్యలో అందుకుంటోంది, పిల్లోడు రాగం తప్పి అరుస్తున్నాడు.

కింద పెదనాయన ఓళిగలు తిన్నాడు. మిద్దె మీదికని అమ్మ చేసిన ఓళిగలే. "నెయ్యి ఇంకొంచెం వెయ్" అని అడిగి మరీ తిన్నాడు.

మరునాడు పొద్దున మండీలో బెల్లం బండ్లు దిగుతున్నాయి. రైతులు, కూలీలు, దళారీలు, వీధంతా జనం. మిద్దక్క ఇనప మెట్లు దిగి, సందు చుట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని మండీ ముందుకు వచ్చి నిలబడింది. రాత్రంతా ఏడ్చిన ముఖం కాదది. ముక్కుతో పాటు చెవులు కూడా ఎర్రగా ఉన్నాయి. పెదనాయన ఆమెను చూసి నమస్కారం పెట్టబోయాడు. ఆమె పెట్టలేదు.

"నువ్వు చెడ్డోడివి" అంది. వీధి మొత్తానికి వినబడింది. "నా బిడ్డ తలుపు కొట్టింది. నువ్వు లోపల ఉండావు. నీకు చెవులు లేవా? నేను చేప చెయ్యలేదు, నీ ఇల్లని. నీకు సిగ్గు లేదా? పోరా!"

చెడ్డోడివి, సిగ్గు లేదా, పోరా. పిల్లలం గోలీల దగ్గర పోట్లాడుకునేటప్పుడు మాకు తెలియకుండానే ఆమెకు నేర్పిన మాటలు. ఆమె దగ్గర ఉన్న తెలుగంతా అదే. పలమనేరు బజారులో పెదనాయనను "నువ్వు" అన్న మనిషి అంతవరకు లేడు. తూకం దగ్గరున్న కూలీ ఒకడు పక్కకు తిరిగి నవ్వాపుకున్నాడు. ఇంట్లో కిటికీ దగ్గర నిలబడిన అవ్వ, కన్న కొడుకని కూడా చూడకుండా, "బాగా అడిగె" అంది.

అప్పుడు అమ్మ చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. తడిచేతులు కొంగుకు తుడుచుకుని, మెట్ల తలుపు గడియ తీసి, పైకి పోయింది. నేను వెనకే పోయాను. బల్ల మీద మా పళ్ళాలు వరసగా, ఎవరూ ముట్టనివి, అట్లాగే ఉన్నాయి. మిద్దక్క పైకి వచ్చేసరికి అమ్మ ఒక పళ్ళెం ముందర కూర్చుని ఉంది. మిద్దక్క తెల్లగా, అప్పడం కన్నా పలచగా ఉన్న ఒక బిళ్ళను తెచ్చి అమ్మ ముందు పట్టింది. పోలండు నుంచి వాళ్ళమ్మ పోస్టులో పంపింది. ఒకరి చేతిలోది ఒకరు విరుచుకుని, మంచి జరగాలని చెప్పుకుని తినాలి. అమ్మ విరిచింది. "నీ బిడ్డలు సల్లంగుండాల" అంది. అప్పుడు ఏడ్చింది మిద్దక్క.

అమ్మ చల్లారిపోయిన ఉర్లగడ్డ కజ్జికాయలు తింది, ఆ ఎర్రటి బీట్‌రూటు పులుసు తాగింది, గసాల రొట్టె తింది. కిందికి దిగితే నాయన మెట్ల దగ్గరే ఉన్నాడు.

"తింటివా?"

"తిన్నా."

"ఏం తింటివి?"

"అన్నీ తిన్నా" అంది అమ్మ ఆయన కళ్ళలోకి చూసి.

ఇక అమ్మ వంటింట్లో కాలు పెట్టకూడదని పెదనాయన హుకుం జారీ చేశాడు. అమ్మ సరేనని వసారాలో చాప వేసుకుని కూర్చుంది. అంతమందికీ పెద్దమ్మ ఒక్కతే వండాల్సి వచ్చింది. వారం తిరగకముందే పెద్దమ్మ గరిటె నేలకేసి కొట్టి, "నీ మడి నువ్వే వండుకో, నా సేత కాదు" అని మొగుడి ముఖాన అనేసి, అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. పెదనాయన ఆ రోజు అమ్మ వండిందే తిన్నాడు.

ఇంజనీరు వచ్చాక వాళ్ళు చిత్తూరుకు ఇల్లు మారారు. జీపులో సామాన్లు ఎక్కిస్తుంటే నేను పక్కన నిలబడి పాపను పిలిచాను. ఆ ఐదేళ్ళ పిల్ల నన్ను చూసి తల పక్కకు తిప్పుకుంది. నేను పిలుస్తూనే ఉన్నాను. జీపు కదిలేదాకా అది మళ్ళీ ఇటు తిరగలేదు. ఆ తర్వాత వాళ్ళు ఏమయ్యారో, ఏ దేశంలో ఉన్నారో మాకు తెలియదు. ఇప్పుడు ఆ పాపకు మనవళ్ళు ఉండే వయసు.

పెదనాయన పోయాడు. ఆయన మీద నాకు అంత కోపం లేదు. ఆయన అంతే, బజారుకు భయపడి బతికిన మనిషి, అంతకు మించి ఆయనకు తెలియదు. నాయనకు తెలుసు. నాయన నన్ను చదివించాడు, నేను కోరుకున్నవాడితో పెళ్ళి చేశాడు, నా కాన్పులకు ఆసుపత్రి వరండాలో నేల మీద పడుకున్నాడు. అటువంటి మనిషిని ఎంత ప్రేమించాలో అంత ప్రేమించాను. కానీ ఆ ఒక్క సాయంత్రం మా మధ్య ఎప్పుడూ అట్లాగే ఉండిపోయింది.

చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయనకు గోళ్ళు తీస్తున్నాను. చేతి మీద నా పళ్ళ గుర్తేమీ లేదు, ఎప్పుడో పోయింది. ఆయనే అడిగాడు.

"ఆ పోలండోళ్ళ సంగతి నువ్వింకా మర్చిపోలేదు గదా పాపా?"

"లేదు నాయనా."

రెండో చెయ్యి కూడా నా ముందుకు చాపాడు. తర్వాత, "ఒక సెయ్యి నీ నోటి మీద పెట్టినానా, ఇంకో సెయ్యి గడియ మీదే ఉండె. తీద్దామనే పెట్టినాను" అన్నాడు.

"తియ్యలేదు గదా?"

"తియ్యలేదు."

నేను ఇంకో వేలు పట్టుకుని గోరు తీశాను. ఆయన తీయాలనుకున్నాడని తెలిశాక నా మనసు కుదుటపడాలి. పడలేదు. చేతిలో గడియ ఉండి, తీయాలని మనసులో ఉండి, అవతల ఒక పసిపిల్ల తలుపు కొడుతుంటే ఆగిపోయిన మనిషి మీద, నన్ను కన్న మనిషి మీద, నాకు కోపం రెట్టింపయింది. ఆయన పోయి ఇన్నేళ్ళయినా అది తగ్గలేదు. తగ్గించుకోవాలని నేను అనుకోవడం లేదు.